గవర్నరుతో పాటు ఇంతమందిని ఎందుకు ఎన్నుకుంటారు?

ప్రశ్న: హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2022లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ (ఉప) గవర్నర్‌గా ఎన్నికయ్యారు. అక్కడి చాలా రాష్ట్రాల్లో అటార్నీ జనరల్‌ను, కోశాధికారిని కూడా ప్రజలే ఎన్నుకుంటారట. ఈ పద్ధతి ఎలా వచ్చింది? వీరి పనులేమిటి?

జవాబు: దీనికి మూలం అపనమ్మకం. బ్రిటిష్ రాజు పంపిన గవర్నర్లతో విసిగిన వలస ప్రాంతాలు స్వాతంత్ర్యం ప్రకటించుకుని సొంత రాజ్యాంగాలు రాసుకున్నప్పుడు గవర్నరు అధికారాలకు గట్టిగా కత్తెర వేశాయి; పెన్సిల్వేనియా అయితే 1776లో ఆ పదవే లేకుండా చేసి, పాలనను ఒక మండలికి అప్పగించింది. మిగతా అధికారులను చాలాచోట్ల శాసనసభలే ఎంపిక చేసేవి. ఆ సభల మీదా నమ్మకం సడలడానికి అప్పులు ఒక పెద్ద కారణం. కాలువలకూ రైలు మార్గాలకూ విచ్చలవిడిగా అప్పులు చేసిన రాష్ట్రాల్లో కొన్ని, 1837 ఆర్థిక సంక్షోభం తర్వాత వాటిని తీర్చలేక చేతులెత్తేశాయి. న్యూయార్క్ తన 1846 రాజ్యాంగంలో అప్పులకు పరిమితి పెట్టడమే కాక, కోశాధికారి, కంప్ట్రోలర్, అటార్నీ జనరల్, సెక్రటరీ ఆఫ్ స్టేట్ పదవులను ప్రజల ఓటుకు వదిలింది.

కోశాధికారి రాష్ట్రం డబ్బును భద్రపరిస్తే, ఆడిటర్ లేదా కంప్ట్రోలర్ లెక్కలు చూస్తారు. అటార్నీ జనరల్ ప్రభుత్వ న్యాయవాది. నేడు 43 రాష్ట్రాల్లో ఆ పదవికి ఎన్నిక జరుగుతుంది కనుక, గవర్నరుకు నచ్చని సలహా ఇచ్చినా ఆ కారణంగా ఆయన తొలగించలేరు.

సెక్రటరీ ఆఫ్ స్టేట్ అంటే మన పాఠకులకు విదేశాంగ మంత్రి గుర్తుకొస్తారు కానీ, రాష్ట్రాల్లో ఆ పదవి రాజముద్రనూ దస్తావేజులనూ భద్రపరిచేది; చాలాచోట్ల ఎన్నికల నిర్వహణ కూడా దానిదే. వివాదాస్పదమైన 2000 అధ్యక్ష ఎన్నికలో, నవంబరు 26న ఫ్లోరిడాలో జార్జ్ బుష్ 537 ఓట్ల ఆధిక్యంతో గెలిచినట్లు ధ్రువీకరించిన కేథరిన్ హారిస్ అలా ఎన్నికైన సెక్రటరీయే, పైగా అదే రాష్ట్రంలో బుష్ ప్రచార బృందపు సహాధ్యక్షుల్లో ఒకరు. ఎన్నికైన అధికారి ప్రజలకే జవాబుదారీ అన్న వాదనలోని బలహీనత ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదనుకుంటాను. ఫ్లోరిడాలో 2003 నుంచి ఆ పదవిని గవర్నరే భర్తీ చేస్తున్నారు, అయితే ఆ మార్పును ఓటర్లు ఈ వివాదానికి ముందే, 1998లో ఆమోదించారు.

ఇక లెఫ్టినెంట్ గవర్నరు. మేరీలాండ్‌లో గవర్నరుతో జంటగా పోటీ చేస్తారు, గవర్నరు అప్పగించిన పనులే చేస్తారు. ఉత్తర కరోలినాలో ఇద్దరికీ విడివిడిగా ఓటు వేస్తారు. అందువల్ల 2017 నుంచి 2024 చివరి వరకు గవర్నరు డెమొక్రాట్, లెఫ్టినెంట్ గవర్నరు రిపబ్లికన్. గవర్నరు రాష్ట్రం దాటితే, తిరిగి వచ్చేదాకా ఆ ప్రత్యర్థి పార్టీ మనిషే తాత్కాలిక గవర్నరు అయ్యేవారు.