వాసన రాకుండా చేయలేం, అది ఎటు పోవాలో చూసుకోవచ్చు

మీ ప్రశ్న చదువుతుంటే నా మొదటి రెండు సీజన్లు గుర్తొచ్చాయి. విల్లుతో తెల్లతోక జింక వేటకు వెళ్తున్నారు. వాసన లేని సబ్బుతో స్నానం, బట్టలకు స్ప్రే, అన్నీ చేస్తున్నారు. అయినా జింక కంటపడకముందే పొదల చాటు నుంచి ఉస్సుమని చీది పారిపోతోంది. ఇక ఒంటి వాసనను పట్టుకునే ఖరీదైన కార్బన్ సూట్ కొనాల్సిందేనా అని అడిగారు. కొనకండి, కనీసం ఇప్పుడే వద్దు. మీ మంచె ఎక్కడుంది, అక్కడికి ఏ దారిన వెళ్తున్నారు, కూర్చున్న వేళకు గాలి ఎటు పోతోంది అన్నది మీరు రాయలేదు. నా అనుభవంలో తప్పు దాదాపు ఎప్పుడూ ఆ మూడింటిలోనే ఉంటుంది. (మంచె అంటే ట్రీ స్టాండే. చెట్టుకు కట్టినా చేలో కట్టినా మంచె మంచే కాబట్టి నాకు ఆ మాటే అలవాటు.)

ఇది చదివే మిగతావాళ్ళకు ఒక మాట. నేను చెప్పేదంతా అమెరికాలో లైసెన్స్ తీసుకుని, సీజన్‌లో, అనుమతి ఉన్న చోట చేసే వేట గురించి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. అక్కడ కెమెరా పట్టుకుని వెళ్ళేవాళ్ళకు మాత్రం ఇందులో చాలావరకు పనికొస్తుంది. ఏ జింకకైనా ముక్కు ముక్కే.

నా రెండో సీజన్‌లో జరిగింది చెప్తాను. ఆ రోజు శుభ్రత విషయంలో నాకు నూటికి నూరు మార్కులు వేయొచ్చు. బట్టలు వంటసోడాతో ఉతికి, ఆరుబయట ఆరేసి, మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. కారు మామూలు బట్టల్లో నడిపి, అడవి అంచున చలికి వణుకుతూ మార్చుకున్నాను. బూట్లకు కూడా స్ప్రే కొట్టాను. మంచె కొండవాలు మధ్యలో ఉంది. జింకలు పగలంతా కింద లోయలో పొదల్లో పడుకుని, సాయంత్రం మేతకు పైకి వస్తాయి. ఫోన్‌లో చూస్తే పడమటి గాలి, నా వాసన పక్కకు పోవాలి. అంతా బాగానే ఉంది కదా అనుకుని కూర్చున్నాను.

పొద్దు కొండ వెనక్కి దిగగానే గాలి ఆగిపోయింది. కాసేపటికి కింద నుంచి ఐదు ఆడజింకలు వరసగా వస్తున్నాయి. ముందున్న పెద్దది అరవై గజాల దగ్గర టక్కున ఆగింది. నాలుకతో ముక్కు తడుపుకుంది. తల పైకెత్తి, కిందికి దించి, మళ్ళీ ఎత్తింది. ముందుకాలు గాల్లోకి లేపి అలాగే ఉంచింది, తర్వాత నేలకేసి ఠప్‌మని కొట్టింది. నావైపు చూడలేదు. చూడాల్సిన అవసరం దానికి లేదు. ఒక్కసారి చీదింది, ఐదు తెల్లతోకలు లేచాయి, అంతే.

నేను స్ప్రేని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. పాపం, స్ప్రే తప్పేమీ లేదు. పొద్దు వాలాక కొండవాలు మీద గాలి చల్లబడుతుంది, చల్లబడి బరువెక్కిన గాలి నీళ్ళలాగా పల్లానికి జారుతుంది. ఫోన్ చెప్పిన పడమటి గాలి ఆగిపోగానే ఈ జారుడు గాలిది పైచేయి అయింది. నా వాసన మొత్తం తిన్నగా వాటి ముఖాల మీదికే వెళ్ళింది. నేనే పంపినట్టు.

దీన్ని ఇక్కడి వేటగాళ్ళు థర్మల్స్ అంటారు. ఇది అర్థమయ్యాకే నా వేట మారింది. సూర్యుడు రాకముందు గాలి పల్లానికి జారుతూ ఉంటుంది. ఎండ వాలు మీద పడి నేల వేడెక్కడం మొదలయ్యాక అదే గాలి పైకి పాకుతుంది. ఈ రెండింటి మధ్య కొంతసేపు గాలికి ఒక దిక్కంటూ ఉండదు, సుడులు తిరుగుతుంది. ఆ కాసేపు ఎవరి అదృష్టం వాళ్ళది. కాబట్టి ఎండెక్కాక జింకలు తిరిగే చోటుకు పైన ఉండాలి, సాయంత్రం కింద ఉండాలి. సాయంత్రం వేటకు వాగు పక్కన మంచె కట్టుకుంటే ఇంకా మంచిది. చల్లగాలి వాగు వెంటే దిగువకు పోతుంది, దాంతోపాటే మన వాసన కూడా. గట్టి గాలి నిలకడగా వీస్తున్న రోజు ఈ లెక్కలు అంతగా పట్టవు, గాలే అన్నిటినీ లాక్కుపోతుంది. అందుకే చాలామంది ఇష్టపడే, ఆకు కూడా కదలని రోజంటే నాకు భయం. కొమ్మలు ఊగే రోజే నయం, కనీసం వాసన ఎటు పోతోందో తెలుస్తుంది.

అది కళ్ళతో చూడాలంటే మిల్క్‌వీడ్ దూది దగ్గర పెట్టుకోండి. మన జిల్లేడుకు చుట్టమే ఆ మొక్క, కాయ పగిలితే అలాంటి దూదే వస్తుంది. అందరూ పౌడర్ డబ్బా నొక్కుతుంటారు. గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణం అన్నట్టు, ఆ పౌడర్ నాలుగు గజాలు దాటితే కంటికి ఆనదు. అసలు కథంతా ఆ తర్వాతే నడుస్తుంది. ఒక పోగు దూది వదిలి చూడండి. నా ముందు నుంచి ఎడమకు బయల్దేరిన పోగు, ముప్పై గజాల దూరంలో ఒక పెద్ద ఓక్ చెట్టు దగ్గర ఆగి, చుట్టూ తిరిగి, నెమ్మదిగా నా కిందికే వచ్చి వాలడం చూశాను. ఆ చెట్టు వైపు నుంచి వచ్చే జింకలు ఎందుకు బెదురుతున్నాయో ఏడాదిగా తెలియనిది ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. సీజన్‌కు ముందే ఒకరోజు వెళ్ళి, సాయంత్రం గంటసేపు కూర్చుని ఐదు నిమిషాలకో పోగు వదలండి. నేనైతే ఎటు పోయిందో నోట్‌బుక్‌లో రాసుకుంటాను.

మంచె ఇరవై అడుగుల ఎత్తున ఉంటే వాసన జింకల తలల మీదుగా పోతుందని మీకు ఎవరో చెప్పారని రాశారు. కొంత నిజమే. గాలి నిలకడగా ఉన్నంతసేపు దగ్గర్లో ఉన్న జింక పసిగట్టకపోవచ్చు. కానీ దూరం పోయేకొద్దీ వాసన కిందికి దిగుతుంది. చల్లబడే వేళ అయితే చెట్టు మొదట్లోనే కుప్పలా దిగుతుంది. ఎత్తు మీద అతిగా నమ్మకం పెట్టుకోకండి. ఎంత ఎత్తయినా, పడిపోకుండా చెట్టుకు కట్టి ఉంచే హార్నెస్ మాత్రం కట్టుకోండి.

శుభ్రత అక్కర్లేదా అంటే, కావాలి. కాకపోతే ఇల్లలకగానే పండగ కాదు. మన వాసన అంటే చెమట ఒక్కటే కాదు. చర్మం మీది బ్యాక్టీరియా ఆ చెమటను విరగ్గొడితే వచ్చే వాసన, రాలిపోయే చర్మపు పొట్టు, జుట్టు, అన్నిటికంటే ముఖ్యంగా ఊపిరి. స్నానం చేసి బయటికొచ్చిన క్షణం నుంచే మళ్ళీ మొదలవుతుంది. ఊపిరికి స్ప్రే లేదు. వాసన తగ్గితే జింక మనిషి దూరంగా ఉన్నాడనో, ఎప్పుడో వెళ్ళిపోయాడనో అనుకుని ఒకటి రెండు క్షణాలు తటపటాయిస్తుందని నా నమ్మకం. విల్లు లాగడానికి ఆ రెండు క్షణాలు చాలు, అందుకే నేను ఇప్పటికీ వంటసోడా మానలేదు. మామూలు డిటర్జెంట్ వాడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. బట్టలు తళతళలాడటానికి అందులో కలిపే బ్రైటెనర్లు నీలపు కాంతిని వెదజల్లుతాయి. జింకకు ఎరుపు, నారింజ రంగులు సరిగ్గా తెలియవు గానీ నీలం బాగా కనిపిస్తుంది. తోటి వేటగాళ్ళకు కనిపించేలా మనం వేసుకునే నారింజ వెస్ట్ దానికి పెద్ద విషయం కాదు, తళతళలాడే ప్యాంటు మాత్రం కంట్లో పడుతుంది.

మీరు చెప్పినవాటిలో నాకు అనుమానంగా అనిపించింది నడక. ఇరవై నిమిషాలు నడిచి వెళ్తానన్నారు. దళసరి జాకెట్ వేసుకునే నడుస్తున్నారా? అలాగైతే మంచె ఎక్కేసరికి లోపలి బనియన్ తడిసి ఉంటుంది, పొద్దున చేసిన స్నానం అక్కడితో సరి. జాకెట్ బ్యాగులో పెట్టి, పల్చటి చొక్కాతో, కాస్త చలి వేస్తూనే నడవండి. అరగంట ముందు బయల్దేరి నెమ్మదిగా వెళ్ళండి. ఒక పొడి బనియన్ సంచిలో ఉంచుకుని చెట్టు ఎక్కేముందు కిందే మార్చుకోండి. నేను స్ప్రే సీసాలు కొనడం మానేసి ఆ అలవాటు చేసుకున్నాను. తేడా నాకు తెలిసింది.

నేలమీద వాసన గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. రబ్బరు బూట్లు వేసుకోండి, వాటితో పెట్రోల్ బంకులో దిగకండి. కానీ నన్ను పట్టించింది బూట్లు కాదు. ఒక ఉదయం నేను వచ్చిన కాలిబాట మీదే, రెండు గంటల తర్వాత, ఒక ఆడజింక నింపాదిగా వచ్చింది. నా అడుగులు పడ్డ చోటు దాటుకుంటూనే వచ్చింది. చీకట్లో నేను చేత్తో పక్కకు తోసిన ఒక చిన్న కొమ్మ బాటకు అడ్డంగా, నడుం ఎత్తులో ఉంది. దాని దగ్గర ఆగింది. ఆకు చివర ముక్కు ఆనించి మెల్లగా మొదలు దాకా వాసన చూసింది, సరిగ్గా నా వేళ్ళు పట్టుకున్న చోట ఆగిపోయింది. చీదలేదు, పరుగెత్తలేదు. వెనక్కి తిరిగి వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ సీజన్‌లో మళ్ళీ ఆ బాటలో దాన్ని చూడలేదు. అప్పటినుంచి అడ్డొచ్చే కొమ్మలు వేసవిలోనే కత్తిరించేస్తాను. వేట రోజు గ్లవ్స్ లేకుండా దేన్నీ ముట్టుకోను. జింకలు నడిచే దారిని ఎక్కడ దాటినా సరే, మంచె నుంచి నా బాణానికి అందే చోటే దాటుతాను. ఆగి వాసన చూస్తే అక్కడే ఆగాలి మరి.

ఇక సూట్. యాక్టివేటెడ్ కార్బన్ వాసనను పట్టుకుంటుందన్నది నిజమే, కాకపోతే అది నిండిపోతుంది. నిండిన కార్బన్‌ను పూర్తిగా ఖాళీ చేయాలంటే ఇంటి డ్రయ్యర్‌లో వచ్చే వేడి ఏ మూలకూ చాలదు. పైగా ముఖం, ఊపిరి బయటే ఉంటాయి. 2002లో వెతుకులాట కుక్కలతో చేసిన ఒక పరిశోధన అచ్చయింది. అలాంటి సూట్ వేసుకుని దాక్కున్నవాళ్ళను కూడా దాదాపు అందరినీ కుక్కలు కనిపెట్టేశాయి. కుక్కకు దొరికినవాడు జింకకు దొరకడా? బట్టల వాసన పోగొట్టడానికి వాడే ఓజోన్ మిషన్ గురించి కూడా అడిగారు. ఓజోన్ ఊపిరితిత్తులకు మంచిది కాదు, రబ్బరునూ ఎలాస్టిక్‌నూ పాడుచేస్తుంది. మూసిన గదిలోనో కారులోనో పెట్టుకుని కూర్చోవద్దు. జింకలను రప్పించడానికి సీసాల్లో అమ్మే జింక మూత్రం నేను వాడను. జింకలకు వచ్చే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ కారకం మూత్రంలో కూడా ఉండొచ్చు కాబట్టి కొన్ని రాష్ట్రాల్లో దాన్ని నిషేధించారు కూడా. మీ రాష్ట్రం రూల్స్ చూసుకోండి.

మీకు ఇంకో చిక్కు ముందుంది, ఇప్పుడే చెప్తున్నాను. గాలి పూర్తిగా మీకు అనుకూలంగా ఉందంటే జింకకు పూర్తిగా ప్రతికూలంగా ఉన్నట్టు. నాలుగైదేళ్ళు బతికిన పోతు (మగజింక) అలాంటి దారిన పగటిపూట రావడానికి ఇష్టపడదు. అది ముక్కుకు గాలి తగిలేలా నడుస్తుంది. ఎదకాలంలో ఆడజింకలు పడుకునే పొదలకు గాలి పోయే వైపు నుంచి వెళ్తూ, లోపలికి పోకుండానే ఎవరెవరున్నారో పసిగడుతుంది. దాన్ని కొట్టాలంటే గాలి దానికి అనుకూలమే అనిపించాలి, మన వాసన మాత్రం దాని దారి పక్కనుంచి పది పదిహేను గజాల తేడాలో జారిపోవాలి. కత్తి మీద సాములాంటిది. నేను అలా కూర్చున్న రోజుల్లో సగానికి సగం దొరికిపోయాను. పెద్ద పోతులు నాకు దొరికింది కూడా అలా కూర్చున్న రోజుల్లోనే. మీరు ముందు ఆడజింకల మీద చేయి తిప్పుకోండి, దీని సంగతి తర్వాత.

గాలి తేడాగా ఉన్న రోజు ఆ మంచెకు వెళ్ళకండి. వారమంతా ఆఫీసులో కూర్చుని శనివారం కోసం ఎదురుచూసి, తీరా ఆ రోజు గాలి ఎదురు తిరిగితే కడుపు మండుతుందని నాకు తెలుసు. నేనూ మొండికేసి వెళ్ళినవాణ్ణే. ఒక్కసారి చీదించుకున్న మంచె రెండు మూడు వారాలు పనికిరాకుండా పోతుంది, అదే మంచెకు రోజూ వెళ్ళినా అంతే. వేర్వేరు గాలులకు సరిపోయేలా రెండు మూడు చోట్లు చూసి పెట్టుకుంటే ఏ శనివారమైనా ఎక్కడో ఒకచోట కూర్చోవచ్చు.

మీ మంచె వాలు మీదుందా, చదును నేల మీదుందా, దగ్గర్లో వాగు ఏమైనా ఉందా, జింకలు చీదింది ఎక్కువగా సాయంత్రమేనా అన్నది కింద రాయండి. వీలైతే ఈ శనివారం విల్లు ఇంట్లో వదిలేసి దూది ఒక్కటి పట్టుకెళ్ళండి. పోగులు ఎటు వెళ్ళాయో చెప్తే మంచె ఎటు జరపాలో కలిసి చూద్దాం.