టాంకర్‌కోనిగ్ ఏపీఐలో చౌక బంకు బదులు దగ్గర బంకు ముందు వస్తుంటే

టాంకర్‌కోనిగ్ ఏపీఐ అంటే జర్మనీ పెట్రోలు బంకుల ధరల్ని మన కోడ్‌కి అందించే సేవ. ధరను బట్టి వరస అడిగినా దగ్గర బంకే ముందు వస్తోందని, ధర ఖాళీగా ఉంటోందని అన్నారు. మీరు టైప్‌కి (ఏ ఇంధనమో చెప్పేది) "ఆల్" ఇచ్చి ఉంటారు, కారణం దాదాపు అదే. అలా ఇస్తే, సార్ట్‌లో "ప్రైస్" అని పెట్టినా ఏపీఐ దూరాన్ని బట్టే వరస పెడుతుంది. మూడు ఇంధనాల్లో దేని ధర చూడాలో దానికి తెలియదు కదా. ధర ఖాళీగా రావడమూ ఇందువల్లే: "ఆల్"లో "ప్రైస్" అనే ఫీల్డ్ ఉండదు. ఈ5, ఈ10 (5, 10 శాతం వరకు ఇథనాల్ కలిపిన పెట్రోలు), డీజిల్ ధరలు విడివిడిగా వస్తాయి.

1. టైప్‌లో మీ కారుకి పట్టే ఇంధనం ఒక్కటే ఇవ్వండి. పాత పెట్రోలు కారైతే ఈ10 పడుతుందో లేదో ట్యాంకు మూత లోపల చూసుకోండి.

2. రేడియస్, అంటే ఎంత దూరంలోపు బంకులు వెతకాలో, 25 కి.మీ. దాటనివ్వకండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: బంకు తెరిచి ఉందో లేదో చెప్పే "ఈజ్‌ఓపెన్" చూడటం. జాబితాలో మూసేసిన బంకులు కూడా వస్తాయి. రాత్రిపూట పైన కనిపించే చౌక బంకుకి వెళ్తే లైట్లు ఆర్పేసి ఉండొచ్చు. ముందు "ట్రూ" ఉన్నవాటినే ఉంచుకుని, తర్వాత మొదటిది తీసుకోండి. ధర లేని బంకుల్నీ అక్కడే తీసేయండి. ఖాళీని మీ కోడ్ సున్నాగా మారిస్తే, అదే అన్నిటికంటే చౌక బంకు అయి కూర్చుంటుంది!

రెండు బంకులు ఖాయం చేసుకున్నాక ప్రతిసారీ మొత్తం జాబితా అడగక్కర్లేదు. ధరలకి వేరే కాల్ ఉంది, ఒకేసారి 10 బంకుల ఐడీల వరకు ఇవ్వొచ్చు. 5 నిమిషాలకోసారి కంటే ఎక్కువ అడగకండి, మీ కీ (ఏపీఐ వాడుకోవడానికి ఇచ్చే కోడ్) బ్లాక్ కావచ్చు.

ఇంకా డెమో కీతోనే నడుపుతుంటే వచ్చేవి నమూనా ధరలు. సొంత కీ ఉచితమే, తీసుకోండి.