కుక్క వాంతిలో నెత్తురు కనబడితే

పాపకు పెద్దనాయన ఆశీస్సులు.

కుక్క నెత్తురు కక్కుకుంటే ఏం చేయాలని నిన్న ఫోనులో అడిగావు. టెన్షన్‌లో ఫోను మాటలు గుర్తుండవు, అందుకే రాసి పంపుతున్నాను.

ముందు వాంతిని వెలుతురులో చూడు. ఎర్రగా ఉంటే అప్పుడే కారిన నెత్తురు. నల్లగా, డికాక్షన్ దిగాక ఫిల్టరులో మిగిలే పొడిలాగా ఉంటే కడుపులో కాసేపు నిలిచిన నెత్తురు. మట్టి తిన్నదిలే అని చాలామంది దీన్నే వదిలేస్తారు. దొడ్డికి నల్లగా, జిగటగా పోయినా అదీ నెత్తురే కావచ్చు.

తర్వాత పెదవి ఎత్తి చిగురు చూడు. గులాబి రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే 2 సెకన్లలోపు ఆ రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటే కింది కనురెప్ప లోపల చూడు. పాలిపోయినా, కుక్క నిలబడలేకపోయినా, పదే పదే కక్కుతున్నా అర్ధరాత్రయినా బయలుదేరాల్సిందే. గట్టిగా ఓకరించినప్పుడు గొంతు గీరుకొని సన్నటి ఎర్ర చార పడవచ్చు. అయినా ఆ రోజే చూపించు.

మీ శెనక్కాయల కొట్టంలో ఎలుకల మందు పెడతారు, నా భయమంతా దాని గురించే. బిళ్లల మందుల్లో చాలావాటికి నెత్తురు గడ్డకట్టే గుణం పోతుంది. తిన్న రోజు కుక్క హుషారుగానే ఉంటుంది, 3 నుంచి 5 రోజులకు బయటపడుతుంది. దానికి విటమిన్ కె విరుగుడుగా ఉంది, కానీ డాక్టరుకు తెలియాలి కదా, ప్యాకెట్ తీసుకెళ్లు. నల్ల పొడి మందు, జింక్ ఫాస్ఫైడ్, వేరే రకం. అది కడుపులో విషవాయువు పుట్టిస్తుంది, ఆ వాంతి వాసన మనుషులకూ ప్రమాదమే. బండి అద్దాలు దించి తీసుకెళ్లు. కుక్కకు తిండి మాత్రం పెట్టొద్దు.

చేలో రక్తపింజర కరిచినా, ఒంటికి పట్టి నెత్తురు పీల్చే గోమార్ల వల్ల వచ్చే జ్వరం ముదిరినా నెత్తురు పడుతుంది. ఇంట్లో వాడే నొప్పి మాత్రలు, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి, కుక్క కడుపును పుండు చేస్తాయి. కుంటుతోందని జాలిపడి ఒక్క మాత్ర వేసేవాళ్లని చూశాను, దయచేసి నువ్వు ఆ పని చేయొద్దు. ఉప్పునీళ్లు పోసి కక్కించడం, పసుపు కలిపి తాగించడం కూడా వద్దు.

వాంతిని ఫోటో తీయి, కొంచెం డబ్బాలో పట్టుకో, చేతికి కవరు తొడుక్కో. ఇక్కడ తిరుపతిలో 1955 నుంచి ఉన్న వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. మీ దగ్గర రాత్రిపూట ఎవరు చూస్తారో ఇప్పుడే కనుక్కొని ఆ నంబరు రాసిపెట్టుకో. అవసరం పడ్డాక వెతకడానికి టైము ఉండదు.

పిల్లకుక్కల్లో నెత్తురు వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో అనే వైరస్ జబ్బు కూడా ఉంది. కొత్తగా తెచ్చిన పిల్లకుక్కకు దాని టీకా ఒక్కసారితో సరిపోదు. 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకోసారి వేయించాలి. మీ పిల్లకుక్క రెండో డోసు తేదీ ఎప్పుడో చూసి నాకు చెప్పు.