తోడేలును పెంచే ముందు

నల్లగొండ,
ఆదివారం రాత్రి

తమ్ముడూ,

డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం, అదే పాచికలు వేస్తూ పాత్రలు పట్టి కథలా ఆడే మన ఆట కోసం, నువ్వు రాసి పంపిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి పక్కన తెల్లకాగితం పెట్టుకుని నీ లెక్కల కోసం. పిల్లలమర్రి ఊడల మధ్య ఆటగాళ్లు దారి తప్పే భాగం చాలా బాగా వచ్చింది. ఏది ఊడో ఏది మొదలో తెలియని ఆ చీకటిని నువ్వు దగ్గరుండి చూసి రాశావు. అక్కడ ఒక్క మాట కూడా మార్చొద్దు.

నాకు ఇబ్బంది తోడేలు దగ్గర మొదలైంది. దానికి 20 హిట్ డైస్ (జీవి ఎంత గట్టిదో చెప్పే పాచికల లెక్క) ఇచ్చావు. ఎందుకో పక్కనే రాసుకున్నావు: "చివరి పోరాటం కాబట్టి గట్టిగా ఉండాలి." అది నీకు కావాల్సింది. ఆ తోడేలుకు ఏమైందో మాత్రం కథలో ఎక్కడా లేదు. నిన్నటిదాకా గొర్రెపిల్లల వెంట పడ్డ జంతువు ఇవాళ ఊరినే వణికిస్తోందంటే మధ్యలో ఏదో జరిగి ఉండాలి కదా. నీకు చెప్పాలనుకున్నది అంతా ఇదే. జీవి ఎందుకు పెరిగిందో ముందు తేల్చుకో, ఎంత పెరగాలో ఆ తర్వాత చూద్దువు.

మన పురాణాల్లో ఏ రాక్షసుడూ ఊరికే పెరగలేదు. హిరణ్యకశిపుడు తపస్సు చేశాడు, వరం అడిగి తెచ్చుకున్నాడు. పగలు చావొద్దు, రాత్రి చావొద్దు, మనిషి చేత వద్దు, మృగం చేత వద్దు అన్నాడు. ఆ మాటల మధ్య మిగిలిన సందులోంచే నరసింహుడు వచ్చాడు. యాదగిరిగుట్ట మెట్లెక్కి దండం పెట్టుకునే మనకు ఇది కొత్త సంగతి కాదు. రక్తబీజుడి బలం నేల మీద పడే నెత్తురు చుక్కలో ఉంటే, కాళి ఆ చుక్క నేలను తాకకముందే నాలుకతో అందుకుంది. బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని దించే దారి కూడా అక్కడే దొరుకుతుంది. నీ ఆటగాళ్లు వెతకాల్సింది ఆ దారినే. ఉత్త 20 హిట్ డైస్‌లో వాళ్లకు వెతకడానికి ఏమీ ఉండదు.

ఇక లెక్కలోకి వస్తాను. నువ్వు వాడుతున్నది ఈ ఆట నియమాల్లో 2003లో వచ్చిన మూడున్నర ఎడిషన్ కాబట్టి ఆ నియమాలతోనే చెబుతాను. అందులో మామూలు తోడేలుకు 2 హిట్ డైస్, 13 హిట్ పాయింట్లు (పడిపోయేలోపు ఎంత దెబ్బ తట్టుకుంటుందో), ఛాలెంజ్ రేటింగ్ (దానితో పోరాటం ఎంత కష్టమో చెప్పే అంకె) 1. కింద అడ్వాన్స్‌మెంట్ అని ఒక చిన్న లైన్ ఉంటుంది, చాలామంది దాన్ని చూడకుండా దాటిపోతారు. 3 హిట్ డైస్ వరకు మీడియం సైజు, 4 నుంచి 6 వరకు లార్జ్ అని అందులో ఉంది. అంటే తోడేలుగా అది పెరగగలిగింది 6 దాకానే. ఆ పైన నీకు కావాలంటే అది వేరే జీవి. దానికి వేరే పేరు పెట్టు, వేరే పుట్టుక రాయి.

ఆ 6 దాకా పెంచి చూద్దాం. నేను కాగితం మీద వేసిన లెక్క ఇది, నువ్వూ పక్కన వేసుకో. మీడియం నుంచి లార్జ్‌కు పోతే స్ట్రెంత్ (బలం) 8 పెరుగుతుంది, డెక్స్టెరిటీ (చురుకుదనం) 2 తగ్గుతుంది, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) 4 పెరుగుతుంది. ప్రతి 4 హిట్ డైస్‌కు ఏదో ఒక ఎబిలిటీకి ఒక పాయింట్ వస్తుంది, దాన్ని స్ట్రెంత్‌కే ఇచ్చాను. అలా 13 ఉన్న స్ట్రెంత్ 22 అయింది, కాన్‌స్టిట్యూషన్ 15 నుంచి 19కి వచ్చింది. హిట్ పాయింట్లు సగటున 51. కాటు తగిలిందో లేదో చూసే పాచికకు కలిపేది +3 ఉన్నది +10 అయింది, దెబ్బ 1డీ6+1 (ఆరు ముఖాల పాచిక ఒకటి వేసి 1 కలపడం) నుంచి 1డీ8+9కి ఎక్కింది. కొత్తగా రెండు ఫీట్లు (ప్రత్యేక నేర్పులు) కూడా వస్తాయి, మర్చిపోకు.

ఆర్మర్ క్లాస్ చూడు, అంటే దానికి దెబ్బ తగలాలంటే పాచికతో అందుకోవాల్సిన అంకె. ముందు 14, ఇప్పుడూ 14. చర్మం మందమై 2 కలిసింది, ఒళ్లు పెద్దదై ఒకటి పోయింది, చురుకుదనం తగ్గి ఇంకొకటి పోయింది. ఈ తోడేలును కొట్టడం ముందు ఎంత తేలికో ఇప్పుడూ అంతే తేలిక. కొట్టినా పడదు, అంతే తేడా. ఈ ఒక్క సంగతి తెలిస్తే పోరాటాన్ని వర్ణించే తీరే మారిపోతుంది. ఆటగాళ్ల కత్తి తగులుతూనే ఉంటుంది, అది మాత్రం మీదికి వస్తూనే ఉంటుంది.

జంతువుకు 3 హిట్ డైస్ కలిపితే రేటింగ్ ఒకటి పెరుగుతుంది. మనం 4 కలిపాం కాబట్టి ఒకటి, లార్జ్ అయినందుకు ఇంకొకటి. మొత్తం ఛాలెంజ్ రేటింగ్ 3. సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే పుస్తకంలోనే ఉన్న డైర్ ఉల్ఫ్ అనే పెద్ద తోడేలును పక్కన పెట్టు. దానికీ 6 హిట్ డైస్, దానికీ రేటింగ్ 3, ఆర్మర్ క్లాస్ 14, కాటు +11. మన లెక్క దాని పక్కనే వచ్చి నిలబడింది. ఎప్పుడు ఏ జీవిని పెంచినా ఇలా దగ్గరి చుట్టాన్ని ఒకదాన్ని వెతికి పోల్చుకో.

నీ కాగితంలో హిట్ పాయింట్లు 130 ఉన్నాయి, కాటు మాత్రం పాత 1డీ6+1 దగ్గరే ఆగిపోయింది. దానితో పోరాడితే గంటసేపు చింతమొద్దు నరికినట్టు ఉంటుంది. ఒక్క అంకె కదిలిస్తే దాని వెనక పది కదులుతాయి, అన్నీ మళ్లీ వేయాల్సిందే. ఇంకోటి, లార్జ్ అయింది కదా అని పది అడుగుల దూరం అందుతుందని రాశావు. నాలుగు కాళ్ల మీద నడిచే పొడుగు జంతువు పది అడుగుల చోటు తీసుకున్నా నోరు అందేది ఐదు అడుగులే.

రేటింగ్ సరిపోయింది కదా అని నిశ్చింతగా కూర్చోకు. నేను అలా కూర్చుని ఒక పిల్లవాడిని బాధపెట్టాను. చాలా ఏళ్ల కిందట మా మేడ మీద గదిలో నలుగురు పిల్లలతో ఆడుతున్నాం, అందరూ మూడో లెవెల్. ఇలాంటి తోడేలునే తెచ్చాను. రేటింగ్ 3 కాబట్టి సమానమే అనుకున్నాను. కాటు తగిలిన వెంటనే కింద పడేసే శక్తి తోడేలుకు ఉంటుంది, దానికి విడిగా ఒక పాచిక. మామూలు తోడేలుకు అందులో +1 మాత్రమే. పెంచిన దానికి స్ట్రెంత్ 22 కాబట్టి 6, సైజు నుంచి 4, కలిపి +10. నేను ఆ లైను మళ్లీ చూసుకోలేదు. స్ట్రెంత్ 16 ఉన్న ఫైటర్ (కత్తి పట్టే యోధుడు) దాన్ని తట్టుకుని నిలబడేది దాదాపు ఐదింట ఒకసారి. పడినవాడు లేవబోతే మళ్లీ కాటు. విజార్డ్ (మంత్రగాడు) మొదటి కాటుకే పోయాడు. ఆ విజార్డ్‌ను ఆడుతున్న పిల్లవాడు ఆరు నెలల నుంచి వాడి కథను నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. ఏమీ అనలేదు, నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టుకున్నాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అందుకే జీవిని పెంచాక దాని ప్రత్యేక శక్తిని ఒక్కదాన్నే తీసుకుని, నీ ఆటగాళ్లలో అందరికంటే బలహీనుడి మీద మూడుసార్లు పాచిక వేసి చూడు. తర్వాతే బల్ల మీదికి తీసుకురా.

హిట్ డైస్ పెంచడం ఒక దారే. ఆలోచించే జీవి, మనిషి ఆకారంలో ఉన్న జీవి అయితే క్లాస్ లెవెల్స్ (ఫైటర్, విజార్డ్ లాంటి విద్యలో మెట్లు) ఇవ్వడం మేలు, ఎందుకంటే అది నేర్చుకుని పెరుగుతుంది. రేటింగ్ 3 ఉన్న ఓగర్ అనే మొద్దు రాక్షసుడు నాలుగు లెవెల్స్ బార్బేరియన్ (ఆవేశంతో కొట్లాడే యోధుడు) అయితే 7 అవుతుంది, అది వాడికి పుట్టుకతో ఉన్న బలానికి కలిసొచ్చే విద్య. అదే ఓగర్ నాలుగు లెవెల్స్ సోర్సరర్ (మంత్రాలు వేసేవాడు) అయితే ఆ విద్య వాడి బలానికి కలిసిరాదు, లెవెల్‌కు సగమే లెక్క కాబట్టి 5 దగ్గర ఆగుతుంది.

మూడోది టెంప్లేట్. ఇది మనవాళ్లకు బాగా తెలిసిన దారి. చదువుకుని, ఆ చదువును చెడ్డకు వాడిన పండితుడు చచ్చి బ్రహ్మరాక్షసుడై రావిచెట్టు పట్టుకుంటాడని మనం విన్నదే కదా. మనిషి అదే మనిషి, చదువు అదే చదువు, మీద ఇంకోటి వచ్చి కూర్చుంది. టెంప్లేట్ అంటే అదే. పెరిగిన జీవికి నేర్పు వచ్చిందా, వయసూ ఒళ్లూ వచ్చాయా, శాపం తగిలిందా అని అడుగు. ఏ దారి వాడాలో జవాబే చెబుతుంది.

ఇప్పుడు నీ తోడేలుకు ఏమైందో ఇద్దరం ఆలోచిద్దాం. దేవరకొండ దిక్కు గొర్లు కాసే ఒక కురుమ పెద్దాయన, గొంగడి భుజాన వేసుకుని నిలబడి నాతో ఇలా అన్నాడు: "తోడేలు ఒక్కతే రాదు బిడ్డా. ఒకటి ముంగట కనవడి కుక్కలను దూరం గుంజుకపోతది. ఇంకోటి ఎనకనుంచి వొచ్చి పిల్లను ఎత్తుకపోతది." ఆ మాట విన్నాక నేను ఒక కథలో తోడేలును పెంచడం మానేసి రెండు మామూలు తోడేళ్లనే పెట్టాను. అంకె ఒక్కటి మార్చలేదు, పిల్లలు భయంతో గట్టిగా అరిచారు. పెంచకుండా ఉండటం కూడా తెలియాలి.

నీకు ఒక్క తోడేలే కావాలంటే ఇలా చూడు. ఊరివాళ్లు భయపడి ప్రతి అమావాస్యకు ఒక యాటను ఆ మర్రి కింద కట్టేసి పోతున్నారనుకో. వేటాడే పని లేదు, తిండికి కొదవ లేదు. మనిషి అంటే భయం పోయింది, ఒళ్లు పెరిగింది. 6 హిట్ డైస్, లార్జ్. యాట మెడలో గంట చప్పుడు వింటే చాలు, ఆలోచించకుండా వస్తుంది. దాని బలం వచ్చింది ఆ గంట వల్లే, అది వలలో పడేదీ ఆ గంటకే. ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడిన ఆటగాడికి ఈ సంగతి తెలుస్తుంది. కత్తి పట్టుకుని నేరుగా పోయినవాడికి తెలియదు.

ఇంకొక మాట ఉంది, ఇది చెప్పడానికి ఫోన్ చేద్దామనుకుని మళ్లీ ఉత్తరంలోనే రాస్తున్నాను. మూడో భాగంలో వంకర ఎముకల మనుషులు చీకట్లోంచి పాకుతూ వస్తారు. వాళ్లను అస్థిపంజరం టెంప్లేట్‌తో కట్టావు, నియమాల ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఆ ఒళ్లు నేను చూశాను తమ్ముడూ. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఊర్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన వాళ్లు, కాళ్లు వంకరపోయిన పిల్లలు మన వాళ్లు. నువ్వు కావాలని చేయలేదని నాకు తెలుసు. అయినా ఆ ఊరి పిల్ల ఒకతి రేపు నీ ఆట ఆడితే, తన తాత రాక్షసుల వరసలో నిలబడి కనిపిస్తాడు. దయచేసి తీసెయ్.

ఆ చోట రాక్షసి ఎవరో నిజంగా వెతికితే అది నీళ్లే. నియమాల్లో వాటర్ ఎలిమెంటల్ అని ఒళ్లంతా నీళ్లే అయిన జీవి ఉంది, దానికి పెరిగే మెట్లు ముందే కట్టి పెట్టారు. చిన్నదానికి 2 హిట్ డైస్, తర్వాత 4, 8, 16, 21, అన్నింటికంటే పెద్దదానికి 24. రేటింగ్ 1 నుంచి రెండేసి చొప్పున 11 దాకా పోతుంది. బోరు ఒక్కో వంద అడుగులు లోతుకు దిగినకొద్దీ ఒక్కో మెట్టు పైకి లేచేలా పెట్టు. ఊరు ఎంత దాహంతో తవ్వితే అది అంత పెరుగుతుంది. దాన్ని దించే దారి కూడా మన దగ్గరే ఉంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు, పటిక, సున్నం కలిపి కలియబెట్టి తేరుకోనిస్తారు. ఆటగాళ్లు ఊరంతా తిరిగి పటిక, సున్నం పోగుచేసి బోరులో పోసిన ప్రతిసారీ అది ఒక మెట్టు దిగాలి. ఆ పని చేసేటప్పుడు పక్కన నిలబడి ఎంత పోయాలో చెప్పేది ఆ నడుము వంగిన తాతే కావాలి.

దసరా సెలవుల్లో నల్లగొండకు రా. గడియారం చౌరస్తాలో దిగి ఫోన్ చెయ్, వచ్చి తీసుకుపోతాను. తోడేలు లెక్క కొత్తగా వేసి పట్టుకురా, బోరు కథ ఇక్కడే కూర్చుని రాద్దాం. పాచికలు నా దగ్గర ఉన్నాయి.

అక్క