ఆరు గంటల బులెటిన్ చదవబోతున్న అమ్మడికి

అమ్మడూ,

నీకు ఉదయం బులెటిన్ ఇచ్చారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం కంటే ముందు దానికి టెన్షన్ పట్టుకుంది, తెల్లవారుజామున మూడున్నరకే క్యాబ్ ఎక్కాలటగా! ఇరవై రెండేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని వదిలేస్తావు.

చీర, మేకప్ సంగతి చూసుకోవడానికి అక్కడ మనుషులుంటారు. వెనక క్రోమా తెర, అదే బొమ్మలు వేయడానికి కట్టే పచ్చ తెర, ఉంటే మాత్రం పచ్చ రంగు జోలికి పోకు, ఒంటి మీదే బొమ్మలు కనిపిస్తాయి.

1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారికి ప్రాంప్టర్, అదే కెమెరా ముందు వార్తల అక్షరాలు నడిపించే తెర, లేదు. ఏళ్ల తరబడి వార్తలు ముందే గుర్తుపెట్టుకుని కెమెరాలోకి చూస్తూ చెప్పారాయన. అందరూ ఆ జ్ఞాపకశక్తిని మెచ్చుకుంటారు. నాకైతే ఇంకో సంగతి తోస్తుంది. అన్ని వార్తలు గుర్తుండాలంటే ముందు అవి అర్థం కావాలి కదా! ప్రాంప్టర్ వచ్చాక మనకి ఆ అవసరం లేకుండా పోయింది. ఏమీ అర్థం కాకపోయినా గడగడా చదివేయొచ్చు.

అలాగే చదివి నేనొకసారి పరువు పోగొట్టుకున్నాను. వరదల రోజులు. ప్రాంప్టర్‌లో శ్రీశైలం పక్కన 885 అని ఉంది, అవి అడుగులని రాయడం మర్చిపోయారు. నేను ఆగకుండా "885 టీఎంసీల నీరు" అనేశాను. ఆ ప్రాజెక్టు మొత్తం నిల్వే 215 టీఎంసీల చిల్లర! బులెటిన్ అయ్యేలోపే వార్తలు రాసే డెస్క్‌కి ఒక రైతు ఫోన్ చేశాడు. "ఆయమ్మ చెప్పినన్ని నీళ్లొస్తే మా ఊరే కాదు, మీ స్టూడియో కూడా మునిగిపోతాది" అన్నాడట. నీటిమట్టం అడుగుల్లో, నిల్వ టీఎంసీల్లో, ప్రవాహం క్యూసెక్కుల్లో చెబుతారు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. వర్షాకాలమంతా ఈ మూడింటితోనే నీకు పని.

ఊరి పేరు వస్తే జిల్లా ఏదో అడుగు. ఉంగుటూరు కృష్ణా జిల్లాలో ఉంది, ఏలూరు జిల్లాలోనూ ఉంది. ప్రమాదం ఒక ఊళ్లో జరిగితే రెండు ఊళ్లవాళ్లూ ఫోన్లు పట్టుకుని పరుగెత్తుతారు.

ఇక ఉచ్చారణ. 'ఫలితాలు' అనేటప్పుడు రెండు పెదాలూ కలిసి విడిపోవాలి, ఇంగ్లీషు ఎఫ్ వినపడకూడదు. 'ళ' దగ్గర నాలుక మడవడం బద్ధకమైతే "కళ్లు తిరిగి పడిపోయాడు" అన్నది "కల్లు తిరిగి" అవుతుంది. అప్పుడు పాపం ఆ మనిషి మీద నువ్వే నింద వేసినట్టు!

లైవ్‌లో నువ్వు మాట్లాడుతుంటే పీసీఆర్ నుంచి, అదే ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్ నుంచి, చెవిలో ఇంకొకరు మాట్లాడుతుంటారు. "రిపోర్టర్ లైన్ పోయింది, సాగదీయండి" అంటారు. సాగదీయాల్సి వస్తే తెలిసిందే ఇంకోసారి చెప్పు. పక్క చానల్ తొమ్మిది మంది పోయారని వేసినా, మన దగ్గర ఖాయమైంది ఏడుగురే అయితే ఏడుగురనే అను. ఒకసారి బస్సు ప్రమాదంలో పోయినవాళ్ల పేర్లు చదివాను. కొన్ని నెలల తర్వాత ఒక పెళ్లిలో ఒకావిడ నా దగ్గరికొచ్చి, "మా ఆయన పేరు మీ నోట వింటేనే మాకు తెలిసింది" అంది. కోపంగా కూడా అనలేదు. చేతిలో అక్షింతలు అలాగే పట్టుకుని నిలబడింది. ఆ రోజు నుంచి, ఇంట్లోవాళ్లకి చెప్పారో లేదో డెస్క్‌ని అడక్కుండా నేను ఒక్క పేరూ చదవలేదు.

డబ్బు సంగతి చెప్పాలంటే, ముఖం తెలిసినంత తొందరగా జీతం పెరగదు. కాంట్రాక్టు కాగితం చదవకుండా సంతకం పెట్టకు. ఇంకో చేదు మాట కూడా విను. నలభై దాటాక ఒక చానల్ నన్ను చెప్పాపెట్టకుండా మధ్యాహ్నం వంటల కార్యక్రమానికి మార్చింది. నాతోపాటు చేరిన మగాయన తలకి రంగు వేసుకుని ప్రైమ్‌టైమ్‌లోనే ఉన్నాడు! కాపీ (చదవాల్సిన వార్త) రాయడం, రన్‌డౌన్ (ఏ వార్త తర్వాత ఏదో చెప్పే వరస) వేయడం వచ్చు కాబట్టి నేను డెస్క్‌లో పని చూసుకున్నాను. నువ్వు ఇప్పటి నుంచే నేర్చుకో, షిఫ్ట్ అయ్యాక ఓ గంట అక్కడ కూర్చుంటే చాలు.

రేపు మేకప్‌కి ముందే కాపీ తెప్పించుకుని పైకి చదువు. ఎక్కడ తడబడితే అక్కడ పెన్నుతో గీత పెట్టి, రాసినవాళ్లని అడుగు. విసుక్కుంటారు, అయినా అడుగు. గోరువెచ్చని నీళ్లు దగ్గర పెట్టుకో.

మీ అమ్మ ఐదున్నరకే టీవీ ముందు కూర్చుంటుంది. నేనూ చూస్తాను, తప్పులు రాసుకోవడానికి పక్కన నోట్‌బుక్ పెట్టుకుని మరీ. మధ్యాహ్నం నిద్ర లేచాక ఫోన్ చెయ్.

నీ పెద్దమ్మ