అసైన్‌మెంట్ ఫెయిలైంది, తప్పు నాదా వాళ్లదా?

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. బీటెక్ అక్కడే చేసి ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ మేనేజ్‌మెంట్ చదువుతున్నాను. ఆపరేషన్స్ అనే 20 క్రెడిట్ల మాడ్యూల్‌కి (అంటే సబ్జెక్టుకి) 2500 పదాల రిపోర్టు రాయమన్నారు. బ్రీఫ్‌లో, అంటే ఏం రాయాలో చెబుతూ వాళ్లిచ్చిన కాగితంలో, "ఒక సంస్థను తీసుకుని దాని ఆపరేషన్స్‌ని క్రిటికల్‌గా ఇవాల్యుయేట్ చేయండి" అని ఉంది. నేను ఆఫీసులకి భోజనం డబ్బాలు మోసుకెళ్లి ఇచ్చే ముంబై డబ్బావాలాల మీద రాశాను. 38 వచ్చింది, పాస్ మార్కు 50. "ఇచ్చిన కేస్ స్టడీని వాడలేదు. ఎక్కువగా వర్ణనే ఉంది" అని ఫీడ్‌బ్యాక్. తీరా వెతికితే ఐదో వారం స్లైడ్లలో చిట్టచివర "రిపోర్టుకి మేమిచ్చిన కేస్‌నే తీసుకోవాలి" అని ఒక్క లైను కనపడింది. ఆ వారం జ్వరమొచ్చి క్లాసుకి వెళ్లలేదు. మా రూమ్మేట్ కూడా అచ్చం ఇలాగే ఫెయిలయ్యాడు. డబ్బు కట్టి రీవాల్యుయేషన్ పెట్టించుకోవచ్చా? లోన్ తీసుకుని పంపిన నాన్నకి ఏమని చెప్పాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నా రిపోర్టు మొదటి పేజీ కూడా పంపుతున్నాను, చూడండి.
పేరు వద్దు

జవాబు: తమ్ముడూ, ముందు రీవాల్యుయేషన్ అనే మాట మర్చిపో. మన దగ్గర ఫీజు కట్టి పేపర్ మళ్లీ దిద్దించుకోవడం అలవాటే, అందుకే అక్కడికి వెళ్లిన ప్రతివాళ్లూ మొదట అదే అడుగుతారు. బ్రిటన్‌లో "నాకు ఇంకో పది మార్కులు రావాలి" అని అప్పీల్ చేస్తే తీసుకోరు. రాసినదానికి ఎంత విలువ కట్టాలనేది అకడమిక్ జడ్జ్‌మెంట్, దాన్ని విద్యార్థి ప్రశ్నించడానికి లేదు. ప్రశ్నించగలిగేది పద్ధతిని: సూచనలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయా, వాళ్ల రూల్స్ వాళ్లే పాటించలేదా, నీకు ఒంట్లో బాగాలేని సంగతి లెక్కలోకి రాలేదా, ఇలాంటివి.

నేనూ కొన్నేళ్లు అక్కడ ఇలాంటి రిపోర్టులు దిద్దాను కాబట్టి చెబుతున్నా, నీ ఫీడ్‌బ్యాక్‌లో రెండు వాక్యాలున్నాయి, నువ్వు మొదటిదాని మీద మండిపడుతూ రెండోదాన్ని వదిలేశావు. మొదటిదాంట్లో నీ వాదనకి బలముంది. బ్రీఫ్‌లో "ఒక సంస్థ" అని, ఎక్కడో స్లైడు అడుగున "మేమిచ్చిన కేస్" అని రాస్తే అది వాళ్ల నిర్లక్ష్యమే, అందులో నీ మీద జాలి పడి చెబుతున్నదేమీ లేదు. పైగా మీ ఇంట్లోనే ఇద్దరు అదే అర్థం చేసుకున్నారంటే చదివినవాడిది మాత్రమే తప్పు అనడం కష్టం. క్లాసులో ఇంకెవరైనా ఉన్నారేమో కనుక్కో. బ్రీఫ్ కాపీ, ఆ స్లైడు స్క్రీన్‌షాట్, అది ఏ తేదీన పెట్టారో, అన్నీ ఈరోజే దాచుకో, ఎందుకంటే పేజీలు మారిపోతుంటాయి.

తర్వాత మాడ్యూల్ లీడర్‌కి, అంటే ఆ సబ్జెక్టు బాధ్యత చూసే లెక్చరర్‌కి, మెయిల్ పెట్టు. నలుగురు కూర్చుని రాత్రి రెండింటికి కోపంగా రాసే మెయిల్ కాదు. ఇంతే చాలు, ఇంగ్లీషులో నీ మాటల్లో రాసుకో: "బ్రీఫ్ రెండో పేజీలో ఇలా ఉంది, ఐదో వారం స్లైడులో ఇలా ఉంది, రెండింట్లో ఏది పాటించాలో నాకు స్పష్టం కాలేదు. ఫీడ్‌బ్యాక్ అర్థం చేసుకోవడానికి ఒక పదిహేను నిమిషాలు మాట్లాడవచ్చా?" నింద లేదు, మార్కుల ఊసే లేదు. ఇలా రాస్తే వాళ్లు కూడా తమ బ్రీఫ్ తీసి చూసుకుంటారు. కాలేజీలో సార్‌ని ప్రశ్నిస్తే ఇంటర్నల్స్‌లో కోత పడుతుందన్న భయం మనవాళ్లకి ఇంకా పోదు, అక్కడ ఆఫీస్ అవర్స్ పెట్టేదే నువ్వు వెళ్లి అడగడానికి.

అక్కడ తేలకపోతే స్టూడెంట్స్ యూనియన్‌లో అడ్వైస్ సర్వీస్ ఉంటుంది, ఫీజు తీసుకోరు, యూనివర్సిటీ తరఫున పనిచేయరు. అప్పీల్ కాగితం రాయడంలో వాళ్లే సాయం చేస్తారు. ఇప్పుడు నీకు కనపడుతున్న 38 మామూలుగా ఎగ్జామ్ బోర్డు ఖాయం చేసేదాకా తాత్కాలికమే. ఖాయమయ్యాక అప్పీల్‌కి ఇచ్చే గడువు చాలా చిన్నది, వారాల లెక్కే, కాబట్టి మీ యూనివర్సిటీ రూల్స్‌లో ఎన్ని పనిదినాలో చూసుకో. యూనివర్సిటీలోని దారులన్నీ అయిపోయాక కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్ లెటర్ ఇస్తారు, అది వచ్చిన 12 నెలల్లోపు ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్‌కి, అంటే యూనివర్సిటీల మీద విద్యార్థుల ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థకి, ఫిర్యాదు చేయొచ్చు. వాళ్లు కూడా మార్కులు మార్చరు, పద్ధతి మాత్రమే చూస్తారు. నీ విషయం అంతదాకా వెళ్తుందని నేననుకోను.

ఇక రెండో వాక్యం. "ఎక్కువగా వర్ణనే ఉంది." నువ్వు పంపిన మొదటి పేజీ చదివాను. డబ్బావాలాలు ఎప్పుడు మొదలయ్యారు, లోకల్ రైళ్లలో ఎలా వెళ్తారు, మూత మీద రంగులు, అంకెలు ఎలా రాస్తారు, చివర కోటి అరవై లక్షల్లో ఒక్క డబ్బా మాత్రమే తారుమారవుతుందన్న ఆ ప్రసిద్ధమైన మాట. చక్కగా రాశావు. బీటెక్‌లో అయితే పదికి తొమ్మిదిచ్చేవాళ్లు. కానీ ఆ లెక్క ఎవరు కట్టారు, ఎలా కట్టారు అని నువ్వు ఒక్క ప్రశ్న వేసి ఉంటే, అదీ క్రిటికల్‌గా చూడటమంటే. రంగుల కోడ్ ఉందని చెప్పడం వర్ణన. ఆ కోడ్ పనిచేసేది రైలు దారులు మారవు కాబట్టి, మోసేవాళ్లకి తమ ప్రాంతం కొట్టినపిండి కాబట్టి, మరి వానలకి పట్టాలు మునిగిన రోజు అదే పద్ధతి ఏమవుతుంది, ఇంకో ఊళ్లో పెడితే నిలబడుతుందా అని తర్కించడం ఇవాల్యుయేషన్. ఇది నువ్వు వాళ్లిచ్చిన కేస్ తీసుకున్నా తప్పేది కాదు. నిజం చెప్పాలంటే, కేస్ సరిగ్గా తీసుకుని ఇలాగే రాసి ఉంటే నలభై అయిదు దాటేదని నాకు నమ్మకం లేదు. రూబ్రిక్ అని ఒక పట్టిక ఇస్తారు కదా, ఏ మార్కుకి ఏం ఉండాలో అందులోనే ఉంటుంది, మనవాళ్లు దాన్ని ఫెయిలయ్యాకే తెరుస్తారు.

రీసిట్, అంటే మళ్లీ రాసే అవకాశం, ఇస్తే అది తప్పకుండా రాయి, అప్పీల్ నడుస్తోంది కదా అని ఆగొద్దు. అందులో ఎంత బాగా రాసినా మామూలుగా 50 దగ్గర ఆపేస్తారు, దాన్నే క్యాప్ అంటారు. ఇందుకు గుండెలు బాదుకోవక్కర్లేదు, లెక్క వేసి చూడు: మొత్తం 180 క్రెడిట్లలో ఇవి 20. మిగతా 160కి సగటున 64 తెచ్చుకుంటే మొత్తం 62.4 వస్తుంది, పాస్‌కి పైమెట్టు అయిన మెరిట్‌కి మామూలుగా కావలసింది 60. డిస్టింక్షన్ విషయంలో కొన్ని యూనివర్సిటీలు రీసిట్ ఉంటే అది ఇవ్వవు, అది మీ రూల్స్‌లో చూసుకో. రీసిట్ తేదీ వీసా గడువు దాటుతుందేమో అన్న అనుమానముంటే ఇంటర్నేషనల్ ఆఫీస్‌నే అడుగు, వాట్సాప్ గ్రూపుల్లో సీనియర్లని కాదు.

గ్రూపుల మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. ఫెయిలయ్యావని తెలియగానే "అసైన్‌మెంట్ హెల్ప్, పాస్ గ్యారంటీ" అని మెసేజ్‌లు వస్తాయి. ఇంగ్లండ్‌లో 2022 చట్టం ప్రకారం డబ్బు తీసుకుని రాసిపెట్టే ఆ వ్యాపారమే నేరం. కొనుక్కున్న విద్యార్థి సంగతి యూనివర్సిటీ చూసుకుంటుంది, 38 కన్నా అది చాలా పెద్ద తలనొప్పి. పాత రిపోర్టులోని పేరాలు అలాగే ఎత్తి రీసిట్‌లో పెట్టడం కూడా ముందు అడిగి తెలుసుకో, కాపీలు పట్టే టర్నిటిన్ అనే సాఫ్ట్‌వేర్ నీ రాతను నీదేనని గుర్తుపట్టి వదిలేయదు.

నాన్నగారికి ఏం చెప్పాలంటావా? "ఒక పేపర్ పోయింది నాన్నా, మళ్లీ రాసే అవకాశం ఇస్తారు" అని ఆదివారం ఫోన్‌లో చెప్పు. క్యాప్, క్రెడిట్లు, అప్పీలు అని మొదలుపెడితే ఆయన సగంలోనే ఎవరో మనవాణ్ణి మోసం చేశారనుకుంటారు. ఫీజు ఏమైనా కట్టాలా అనడుగుతారు, కొన్ని యూనివర్సిటీలు రీసిట్‌కి తీసుకుంటాయి, కాబట్టి ఫోన్ చేసేముందే ఆ సంగతి కనుక్కుని పెట్టుకో.