నెట్ కనెక్షన్‌కి రేటు కట్టే ముందు

విశాఖపట్నం

చిరంజీవి శ్రీనుకి మామయ్య దీవెనలు.

నీ నెట్ కనెక్షన్లకి వేసి పంపిన రేట్ల కాగితం రెండుసార్లు చదివాను. మధురవాడ అపార్ట్‌మెంట్లకీ, ఆనందపురం దారిలో విసిరేసినట్టున్న లేఅవుట్ ఇళ్లకీ నెలకి 449 అని ఒకే రేటు రాశావు. అందరికీ ఒకటే అయితే పేచీ ఉండదన్నావు. పేచీ మొదలయ్యేది అక్కడే అల్లుడూ.

అపార్ట్‌మెంటు సెల్లారులో ఎనిమిది పోర్టుల స్ప్లిట్టర్ బాక్సు, అదే ఒక ఫైబరుని ఎనిమిదిళ్లకి పంచేది, బిగించావనుకో. బాక్సు నుంచి ఒక్కో ఫ్లాటులోకి లాగే డ్రాప్ వైరు 30 మీటర్లు చాలు, నెల తిరక్కుండా పోర్టులన్నీ నిండుతాయి. అదే బాక్సు లేఅవుట్లో స్తంభానికి కడితే ఒక్కో ఇంటికి 250 మీటర్లు లాగాలి, నిండేవి రెండు పోర్టులు. మిగతా ఆరూ ఎండకి ఎండుతుంటాయి. అయినా ఇద్దరి దగ్గరా 449 తీసుకుంటున్నావంటే, అపార్ట్‌మెంటాయన తన బిల్లులో లేఅవుటాయన వైరు ఖర్చు కూడా కడుతున్నాడన్నమాట. పోటీ లేనన్నాళ్లూ ఇది ఎవరి కంటా పడదు. పోటీవాడు దిగిన రోజున మాత్రం లేఅవుట్ వైపు తొంగి కూడా చూడడు. తిన్నగా అపార్ట్‌మెంటు అసోసియేషన్ ప్రెసిడెంటు దగ్గరికి 399 కాగితం పట్టుకెళ్తాడు. నీకు లేఅవుట్ మిగులుతుంది, దాని ఖర్చు మోసేవాళ్లు మిగలరు.

టెలిఫోన్ శాఖకి జరిగింది అచ్చంగా ఇదే. ఎస్టీడీ, ఐఎస్డీల మీద, అంటే దూరపు ఊళ్లకీ విదేశాలకీ చేసే కాల్స్ మీద బాగా రాబట్టి లోకల్ కాల్సూ, పల్లెల లైన్లూ చౌకగా ఇచ్చేవారు. 1999లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ టారిఫ్ ఆర్డరు తెచ్చి, నెలవారీ లైను అద్దె పెంచి ఎస్టీడీ రేట్లు దించే పని మొదలెట్టింది. అంటే పోటీ ముంచుకు రాకముందే ఎవరి ఖర్చు వాళ్ల బిల్లులోకి సర్దమని. ఆ సర్దుబాటు పూర్తి కాకుండానే 2000లో ఎస్టీడీని ప్రైవేటుకి తెరిచారు, 2002లో కొత్త కంపెనీ దిగగానే ఎస్టీడీ రేట్లు సగానికి పైగా పడ్డాయి. లోకల్ లైన్ల నష్టం పూడ్చడానికి 2003లో యాక్సెస్ డెఫిసిట్ చార్జీ అని ఒకటి పెట్టారు, 2008లో అదీ ఎత్తేశారు. ఈలోపు 2006 మార్చిలో ఆ శాఖ నుంచి పుట్టిన బీఎస్ఎన్ఎల్లే దేశంలో ఎక్కడికైనా నిమిషం రూపాయికి దిగింది. వాళ్ల వెనక ప్రభుత్వం ఉంది. నీ వెనక ఉన్నది మీ అమ్మ గాజుల మీద తెచ్చిన లోను.

అందుకని ఖర్చు ఎక్కడ పుడితే అక్కడే వసూలు చెయ్యి. నెల రేటు అందరికీ ఒకటే ఉండనీ, జనం పోల్చుకునేది దాన్నే. 50 మీటర్లు దాటిన డ్రాప్ వైరుకి మాత్రం మీటరుకింత అని ఒక్కసారి తీసుకో. లేఅవుట్లో కనీసం ఐదిళ్లు పేర్లిచ్చి అడ్వాన్సు కట్టాకే బాక్సు కట్టు. తెలిసినవాడని ఒకడికి చాటుగా రేటు తగ్గించకు. ఒకే తరగతి కస్టమర్ల మధ్య తేడా చూపకూడదని ట్రాయ్ నియమం. నియమం సంగతి అలా ఉంచినా, లిఫ్టులో ఇద్దరు కలిస్తే చాలు, సాయంత్రానికి బ్లాకంతా తెలిసిపోతుంది.

బ్యాండ్‌విడ్త్ లెక్క, అంటే పై కంపెనీ దగ్గర నువ్వు కొనే నెట్ సామర్థ్యం లెక్క, పూర్తిగా తప్పింది. నెలకి ఎన్ని జీబీలు వాడతారన్నది పట్టుకుని ఖర్చు కట్టావు. నువ్వు కొనేది రాత్రి 8 నుంచి 11 దాకా ఉండే రద్దీని మోసే పైపుని. మధ్యాహ్నం అది సగం ఖాళీగా ఉన్నా నీ బిల్లు తగ్గదు. వెనకటికి రాత్రి 11 దాటితే ఎస్టీడీకి పావు చార్జీ అనేవాళ్లు కదా, అది దయతో ఇచ్చింది కాదు. పగటి రద్దీ కోసం వేసిన లైన్లు రాత్రి ఊరికే పడుంటాయి గనక ఇచ్చారు. నీ దగ్గర పగలూ రాత్రీ తిరగబడ్డాయి, అంతే తేడా. 400 కనెక్షన్లు ఉండి, గ్రాఫులో రాత్రి రద్దీ 1 జీబీపీఎస్, అంటే 1,000 ఎంబీపీఎస్ తాకిందనుకుందాం. కనెక్షనుకి 2.5 ఎంబీపీఎస్ పడింది. నువ్వు అమ్మింది 50 ఎంబీపీఎస్ ప్లానైనా 100 ప్లానైనా ఈ అంకె పెద్దగా కదలదు. కాబట్టి పోటీ వచ్చినప్పుడు ముందు స్పీడు పెంచు, రేటు జోలికి పోకు. పగలే తెరిచి, చీకటి పడేసరికి మూసే ఆఫీసులకి తక్కువకిచ్చినా నష్టం లేదు, వాళ్లు వాడేది నీ ఖాళీ పైపునే.

ఇప్పుడు అసలు సంగతి. ప్రతి కనెక్షనుకీ రెండు అంకెలు వేరుగా రాసుకో. కస్టమర్ పోతే దాంతోపాటు పోయే ఖర్చు ఒకటి: బ్యాండ్‌విడ్త్ వాటా, నీకు నెట్ ఇచ్చే కంపెనీ (ఐఎస్పీ) వాటా, కలెక్షన్ కుర్రాడి కమీషను. కస్టమర్ పోయినా పోని ఖర్చు రెండోది: ఓఎల్టీ (ఫైబర్లన్నీ మొదలయ్యే నీ ఆఫీసులోని యంత్రం), ఫైబరు, స్తంభాల అద్దె. పోటీ ముదిరితే పెద్ద కంపెనీ రేటు మొదటి అంకె దాకా దిగిపోతుంది. వేసేసిన ఫైబరు మీద ఇంకొకడు ఎక్కితే వాళ్లకి పడే భారం నామమాత్రం. జియో 2016 సెప్టెంబరు 5న వచ్చి, 2017 మార్చి ఆఖరు దాకా ఊరికే ఇచ్చింది. మిగతా కంపెనీలు కొన్ని మూతపడి, కొన్ని కలిసిపోయాక రేట్లు మళ్లీ పైకెక్కాయి. 2024 జులైలో 155 రూపాయల ప్యాకు 189 అయింది. అన్నేళ్లు నష్టం భరించే దమ్ము నీకూ నాకూ లేదు.

పోటీవాడు 399 బోర్డు పెట్టాడని కంగారుపడి అందరికీ 50 తగ్గించావనుకో, పన్ను సంగతి పక్కన పెట్టి చూస్తే 400 మందికి నెలకి 20,000 పోతుంది. తగ్గించకపోతే ఓ 40 మంది వెళ్తారనుకుందాం. ఆ మొదటి అంకె ఖర్చు పోను మనిషికి 200 మిగులుతుంటే నీ నష్టం 8,000. వెళ్లేవాళ్లు 100 మంది దాటేదాకా కదలకు. పైగా వాడి 399కి జీఎస్టీ అదనం, కట్టేటప్పుడు 470 రూపాయల 82 పైసలు. నీ 449 పన్నుతో కలిపి. ఈ ముక్క నీ కాగితంలో ఎక్కడా లేదు! ముందు అది పెద్దక్షరాల్లో వేయించు. నీ చేతికొచ్చేది మాత్రం 380 రూపాయల 50 పైసలేనని మర్చిపోకు, మిగులు లెక్క దాని మీద వెయ్యాలి.

ఇన్‌స్టలేషన్ ఉచితం అన్న లైను కొట్టెయ్యి. రూటరు, వైరు, కూలీ కలిపి 2,000 అయితే, నెలకి 200 చొప్పున తిరిగి రావడానికి పది నెలలు. అద్దె ఇళ్లవాళ్లు అంతకుముందే ఖాళీ చేసి పోతారు, రూటరు కూడా సామాన్లలో కట్టేసుకుంటారు. రూటరుకి డిపాజిట్ తీసుకో, తిరిగిచ్చిన రోజే వెనక్కిచ్చెయ్. ఆర్నెల్ల డబ్బు ముందే కడితే ఇన్‌స్టలేషన్ మాఫీ అను. ఆ డబ్బు మాత్రం వేరే ఖాతాలో పడేసి నెలకి ఒక వంతే బయటికి తియ్యి, అది ఇంకా నీది కాదు.

28 రోజులకోసారి బిల్లు వెయ్యాలన్న ఆలోచన మానుకో. ఏడాదికి 13 సార్లు వసూలవుతుందని ఆశ పడుతున్నావు గానీ జనానికి ఆ లెక్క ఎప్పుడో తెలిసిపోయింది. తేదీ నెలనెలా వెనక్కి జరుగుతుంటే జీతాల రోజుతో కలవక కుర్రాడు ఇంటి చుట్టూ నాలుగుసార్లు తిరగాలి.

చివరగా తుపాను పద్దు. నీ కాగితంలో రిపేర్లకి ఏమీ రాయలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి ఊళ్లో స్తంభాలే నేలకొరిగాయి, వాటికి కట్టిన తీగల గతి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కొన్ని వీధుల్లో కరెంటు తీగలు భూగర్భంలోకి దించారు. స్తంభం తీసేస్తే నీ ఫైబరుకి ఆధారం లేదు. కనెక్షనుకి నెలకి 20 రూపాయలు తీసి పక్కన పెట్టు, 400 మందికి ఏడాదికి 96,000 అవుతుంది. ఒక కిలోమీటరు తెగితే చేతులు చాచక్కర్లేకుండా అతికించుకోవచ్చు.

బాక్సుల వారీగా ఏది ఎన్ని పోర్టులు నిండిందో, ఒక్కోదానికి ఎంత వైరు పట్టిందో రాసి వాట్సాప్‌లో పెట్టు. అది చూడకుండా కరపత్రాలు అచ్చుకివ్వకు. అక్కయ్యకి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు
మామయ్య